అర్జెంటీనా ‘కాస్తా’, ఇండియా ‘కాస్ట్’: ఒకే మాటకు ఇన్ని అర్థాలు ఎలా వచ్చాయి?

2023 ఎన్నికల ప్రచారమంతా అర్జెంటీనా నాయకుడు హావియర్ మిలే ‘లా కాస్తా’ మీద యుద్ధం అంటూ తిరిగాడు. ర్యాలీల్లో జనం ‘కాస్తాకు భయం పట్టుకుంది’ అని గొంతు కలిపారు. ఆ ఏడాది డిసెంబర్ 10న ఆయన అధ్యక్షుడు కూడా అయ్యాడు. ఇంగ్లిష్ వార్తల్లో ఈ మాట ‘పొలిటికల్ కాస్ట్’ అయింది. అక్కడి నుంచి తెలుగులోకి తెస్తే చటుక్కున తట్టేది ‘రాజకీయ కులం’. దాంతో చదివేవాళ్లకు అనుమానం మొదలవుతుంది: అర్జెంటీనాలో కూడా కులాలున్నాయా? ఆయన పోరాటం ఏ కులం మీద?

మిలే చెప్పే కాస్తాకు పుట్టుకతో వచ్చే కులంతో సంబంధం లేదు. అయితే ఆ మాట మాత్రం మన దేశం గుండా వెళ్లి వచ్చినదే, పైగా మన రాజ్యాంగంలో ఉన్న ఇంగ్లిష్ మాటకు సొంత అక్క. స్పెయిన్, పోర్చుగల్ పశువుల దొడ్ల నుంచి గోవాకు, మెక్సికోకు, ప్యారిస్‌కు, రోమ్‌కు తిరుగుతూ వెళ్లినచోటల్లా అది వేరే పని చేసింది. ఎక్కడ ఏ పని చేసిందో తెలిస్తేగానీ ఈ వార్తలు సరిగా అర్థం కావు.

క్లుప్తంగా

స్పానిష్, పోర్చుగీస్ భాషల్లో ‘కాస్తా’ అంటే మొదట్లో వంశం, మేలుజాతి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు ఇండియాలో చూసిన జాతి వ్యవస్థకు ఆ పేరు పెట్టారు, అదే ఇంగ్లిష్‌లో ‘కాస్ట్’ అయింది. అదే కాలంలో స్పానిష్ అమెరికాలో ఆ మాట కలగలిసిన సంతానానికి పేరుగా స్థిరపడింది. ఫ్రాన్స్‌లో 1789 నాటికి అది పైస్థాయి వాళ్ల మీద తిట్టుగా మారింది. ఇటలీ, స్పెయిన్, అర్జెంటీనా రాజకీయాల్లో ఇప్పుడు వినపడేది ఈ చివరి అర్థమే.

లాటిన్ మాటా, గోతిక్ మాటా?

లాటిన్‌లో ‘కాస్తుస్’ అంటే పవిత్రమైన, శీలం ఉన్న అని అర్థం. స్త్రీలింగంలో అదే ‘కాస్తా’. వంశం స్వచ్ఛంగా ఉండాలన్న ఆలోచనకు ఈ అర్థం అతికినట్టు సరిపోతుంది కాబట్టి పాత పండితులు రెండూ ఒకటేనని నమ్మారు. 1611లో సెబాస్టియన్ దె కొవర్రూబియాస్ తన స్పానిష్ నిఘంటువులో ఈ వ్యుత్పత్తే ఇచ్చాడు. నేటికీ చాలా ఇంగ్లిష్ నిఘంటువులు దీన్నే చెబుతున్నాయి.

20వ శతాబ్దంలో జోన్ కొరొమినస్ అనే కటలాన్ భాషావేత్త దీన్ని ఒప్పుకోలేదు. ఆయన వాదన ప్రకారం మూలం లాటిన్ కాదు, గోతిక్. రోమ్ సామ్రాజ్యం కూలిపోయాక స్పెయిన్‌ను ఏలిన విసిగోతుల భాషలో జంతువుల గుంపుకో, ఒక ఈతలో పుట్టిన పిల్లలకో వాడిన మాట ఇదై ఉంటుందని ఆయన ఊహించాడు. కుప్ప అనే అర్థం ఉన్న పాత నార్స్ (పూర్వపు స్కాండినేవియా భాష) మాటను దీనికి చుట్టంగా చూపించాడు. గోతిక్ రాతల్లో ఆ మాట నేరుగా దొరకదు కాబట్టి ఇది పునర్నిర్మాణం మాత్రమే. అయినా ఈ వాదనకు బలం ఉంది, ఎందుకంటే వంశం అనే అర్థంలో కాస్తా పాత కాలం నుంచి కనిపించేది స్పానిష్, పోర్చుగీస్, కటలాన్ భాషల్లోనే. లాటిన్ నుంచి నేరుగా దిగి ఉంటే ఇటాలియన్‌లోనో ఫ్రెంచ్‌లోనో కూడా ఆ అర్థం ఎక్కడో ఒకచోట మిగలాలి. విసిగోతులు గట్టిగా పాతుకుపోయిన నేలమీదే అది మిగిలింది. అలాగని లాటిన్ మాటకు ఇందులో వాటా లేదనడం కుదరదు. మొదట ‘ఈత, గుంపు’ అని ఉన్నా, పక్కనే అదే ధ్వనితో ‘పవిత్రం’ అనే మాట ఉంటే మాట్లాడేవాళ్ల మనసులో రెండూ కలిసిపోతాయి. కొవర్రూబియాస్ నిఘంటువే అందుకు సాక్ష్యం.

ఫ్రెంచ్ ధ్వనులు ఇక్కడ ఇంకో ఆధారం ఇస్తాయి. లాటిన్‌లో ‘క’తో మొదలయ్యే మాటలు ఫ్రెంచ్‌లో మామూలుగా ‘ష’గా మారతాయి. స్పానిష్‌లో పాడటం ‘కంతార్’, ఫ్రెంచ్‌లో ‘షాంతె’. చొక్కా స్పానిష్‌లో ‘కమీసా’, ఫ్రెంచ్‌లో ‘షెమీజ్’. శీలవంతుడనే అర్థంలో ‘కాస్తుస్’ కూడా ఫ్రెంచ్‌లో ‘షాస్త్’ అయింది. కానీ కులం అనే అర్థంలో ఫ్రెంచ్ మాట ‘కాస్త్’, అందులో ‘క’ అలాగే ఉంది. అంటే అది ఇంట్లో పెరిగిన మాట కాదు, స్పానిష్ పోర్చుగీస్ పక్క నుంచి అరువు తెచ్చుకున్నది. రొమేనియన్ దాన్ని మళ్లీ ఫ్రెంచ్ నుంచి తీసుకుంది. ఇటాలియన్‌లో రెండు ‘కాస్తా’లు పక్కపక్కనే ఉన్నాయి, ఒకటి లాటిన్ వారసత్వంగా వచ్చిన ‘పవిత్రురాలు’, ఇంకోటి బయటి నుంచి వచ్చిన ‘కులం’. బెల్లినీ ఒపెరా ‘నోర్మా’లోని ప్రసిద్ధ గీతం ‘కాస్తా దీవా’లో ఉన్నది మొదటిది, అక్కడ అర్థం పవిత్రమైన దేవత.

గుర్రం, ఎద్దు, ద్రాక్ష తీగ

తెలుగులో ‘జాతి గుర్రం’ అంటాం, ‘ఒంగోలు జాతి గిత్త’ అంటాం. స్పానిష్‌లో కాస్తా సరిగ్గా అక్కడే మొదలవుతుంది. మంచి ఈత నుంచి వచ్చిన గుర్రం, వేటకుక్క, ఎద్దు. ‘వేటకుక్కకు అది కాస్తా నుంచే వచ్చింది’ అని అక్కడ ఒక సామెత, పిల్లల గుణం తల్లిదండ్రుల నుంచి వచ్చిందని చెప్పడానికి ఇప్పటికీ వాడతారు. ఎద్దుల పోటీల్లో పొగరుగా, వెనక్కి తగ్గకుండా పోరాడే ఎద్దును కాస్తా ఉన్న ఎద్దు అంటారు. అక్కడి నుంచి ఫుట్‌బాల్‌కు కూడా పాకింది, ఓడిపోతున్న మ్యాచ్‌లో ప్రాణం పెట్టి ఆడే ఆటగాడికి ‘కాస్తా ఉంది’ అనడం పెద్ద పొగడ్త. అంటే స్పెయిన్‌లో ఒకే రోజు పేపర్లో రాజకీయాల పేజీలో తిట్టు, ఆటల పేజీలో మెచ్చుకోలు, రెండూ ఈ ఒక్క మాటే కావచ్చు.

పోర్చుగీస్‌లో దారి కొంచెం వేరు. ఈ రోజు పోర్చుగల్‌లో సామాన్యుడికి ‘కాస్తా’ ఎక్కువగా కనపడేది వైన్ సీసా మీద. ద్రాక్ష రకాన్ని వాళ్లు కాస్తా అంటారు. తూరిగా నాసియొనాల్ ఒక కాస్తా, అల్వారిన్యో ఇంకో కాస్తా. ఒకే రకం ద్రాక్షతో చేసిన వైన్ పేరు ‘మోనోకాస్తా’. సొంత ద్రాక్ష రకాలు 250కి పైగా ఉన్న దేశం కాబట్టి ఈ వాడుక రోజువారీ మాటైపోయింది. పశువుల జాతికి మాత్రం పోర్చుగీస్‌లో ఇప్పుడు ‘రాసా’ అనే మాటే వాడతారు. మన నెల్లూరు పేరు మీద బ్రెజిల్‌లో పెరిగిన, ఒంగోలు రక్తం ఉన్న పశువులు ‘నెలోరె’ అక్కడ రాసాయే, కాస్తా కాదు.

ఇక్కడిదాకా మాటలో విషం లేదు. విషం ఎక్కింది మనుషుల వంశాలకు అన్వయించినప్పుడు. 1449లో స్పెయిన్‌లోని టొలేడో నగరంలో ఒక శాసనం తెచ్చారు, యూదుల నుంచి క్రైస్తవంలోకి మారినవాళ్లు, వాళ్ల సంతానం నగరంలో పదవులు చేపట్టకూడదని. మతం మారినా రక్తం మారదన్న ఈ ఆలోచన ‘రక్తశుద్ధి’ పేరుతో తర్వాత మఠాలకు, యూనివర్సిటీలకు, సైనిక సంఘాలకు పాకింది. 1492లో స్పెయిన్ యూదులను వెళ్లగొట్టింది, 1497లో పోర్చుగల్ తన దగ్గరున్న యూదులను బలవంతంగా మతం మార్పించింది. మంచి కాస్తా, చెడ్డ కాస్తా అన్న లెక్క మనుషుల మధ్య బాగా అలవాటైపోయిన సరిగ్గా ఆ రోజుల్లోనే, 1498లో, వాస్కో డ గామా కాలికట్ తీరానికి చేరాడు.

గోవాలో పెట్టిన పేరు

పోర్చుగీసువాళ్లు కేరళ, గోవా తీరాల్లో దిగినప్పుడు వాళ్లకు కనపడింది ఇదీ: ఎవరి వృత్తి వాళ్లది, ఎవరి పెళ్లి వాళ్లలో, ఎవరితో కూర్చుని తినొచ్చో ముందే తేలిపోయి ఉంది. దీనికి స్థానిక భాషల్లో జాతి, కులం, వర్ణం అని రకరకాల మాటలున్నాయి, అవి ఒకటి కాదు కూడా. వాళ్లు మాత్రం అన్నిటికీ కలిపి తమ సంచిలో ఉన్న ఒకే ఒక్క మాట తీశారు.

1563లో గోవాలో అచ్చైన ఒక పుస్తకంలో గార్సియా ద ఓర్తా అనే వైద్యుడు ఇక్కడ ఎవరూ తండ్రి వృత్తి నుంచి మారరని, చెప్పులు కుట్టేవాళ్లంతా ఒకే కాస్తా అని రాశాడు. నిజానికి ఆ పుస్తకం ఇండియా మూలికల గురించి. 1567లో గోవాలో జరిగిన చర్చి మహాసభ తీర్మానంలోనూ ఈ మాట ఉంది. ఇక్కడివాళ్లు ఎక్కువ గౌరవం, తక్కువ గౌరవం ఉన్న కాస్తాలుగా విడిపోయి ఉన్నారని, పై కాస్తావాళ్లు కింది కాస్తావాళ్లతో తినరు తాగరు అని అందులో రాసుకున్నారు.

గార్సియా ద ఓర్తా కథ ఇక్కడ ఆగి చెప్పుకోవాల్సినది. ఆయన కుటుంబం స్పెయిన్ నుంచి వెళ్లగొట్టబడ్డ యూదులు, పోర్చుగల్‌లో బలవంతంగా క్రైస్తవులైనవాళ్లు. సొంత దేశం లెక్కలో ఆయనదే ‘చెడ్డ కాస్తా’. 1534లో గోవా వచ్చి పేరున్న వైద్యుడయ్యాడు, 1568లో చనిపోయాడు. మరుసటి ఏడాది ఆయన చెల్లెలు కాతరీనాను రహస్యంగా యూదు మతం పాటిస్తోందని గోవా ఇంక్విజిషన్ (మతం తప్పినవాళ్లను విచారించే చర్చి కోర్టు) సజీవంగా కాల్చేసింది. 1580లో ఆయన ఎముకలను కూడా సమాధి నుంచి తవ్వి తీసి తగలబెట్టారు. పుట్టుకను బట్టి మనిషిని విడగొట్టే పద్ధతిని ఇండియాలో చూసి పేరు పెట్టిన సమాజమే ఇంట్లో అదే పని చేస్తోంది. అందుకే ఆ మాట వాళ్లకు అంత సులువుగా నోటికొచ్చింది.

పోర్చుగీస్ నుంచి ఈ మాట ఇంగ్లిష్‌కు చేరింది. మొదట్లో ఇంగ్లిష్‌వాళ్లు చివర ‘ఇ’ అక్షరం లేకుండా రాసేవాళ్లు, ఇప్పటి స్పెల్లింగ్ ఫ్రెంచ్ ప్రభావంతో స్థిరపడింది. ఇది ఇండియా మాటే అనుకుని ఇంగ్లిష్‌లో ఉంచేశారని 1886లో వచ్చిన హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు పేర్కొంది. తర్వాత బ్రిటిష్ జనగణనల్లో, 1935 భారత ప్రభుత్వ చట్టంలో, చివరకు రాజ్యాంగంలో ‘షెడ్యూల్డ్ కాస్ట్స్’ అనే రూపంలో నిలిచిపోయింది. పోర్చుగీస్ నుంచి తెలుగుకు మేస్త్రీ, అలమారా, అనాస లాంటివి వచ్చాయి గానీ కాస్తా రాలేదు, ఆ చోటులో కులం అప్పటికే ఉంది. 2025 ఏప్రిల్ 30న కేంద్రం వచ్చే జనగణనలో లెక్కిస్తామని ప్రకటించింది ఇంగ్లిష్‌లో ‘కాస్ట్’, తెలుగులో కులగణన.

మెక్సికోలో తలకిందులైంది

అట్లాంటిక్ అవతల స్పానిష్ వలసల్లో ఈ మాట వేరే మలుపు తీసుకుంది. స్పానిష్‌వాళ్లు, స్థానిక ప్రజలు, ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు కలిసి జీవించేసరికి పుట్టిన పిల్లలు ఏ గడిలోనూ ఇమడలేదు. ఆ ఇమడనివాళ్లందరికీ కలిపి ‘కాస్తాలు’ అని పేరు పెట్టారు. స్పానిష్ తండ్రికి, స్థానిక తల్లికి పుడితే మెస్తీసో. స్పానిష్‌వాళ్లకు, మెస్తీసోలకు పుడితే కాస్తీసో. స్పానిష్‌వాళ్లకు, ఆఫ్రికన్లకు పుడితే ములాతో. 18వ శతాబ్దపు మెక్సికోలో ఈ కలయికలను బొమ్మలుగా గీయించుకునే అలవాటు కూడా ఉండేది, ఒక్కో సెట్‌లో మామూలుగా 16 చిత్రాలు, ప్రతి చిత్రంలో తల్లి, తండ్రి, బిడ్డ, కింద ఆ బిడ్డకు పెట్టిన పేరు. మిగెల్ కబ్రేరా 1763లో గీసిన సెట్ వీటిలో బాగా ప్రసిద్ధం. కొన్ని పేర్లు చదివితే ఆ వర్గీకరణ ఎంత అయోమయంగా ఉందో తెలుస్తుంది, ఒక బిడ్డ పేరు ‘గాల్లో వేలాడేవాడు’, ఇంకో బిడ్డ పేరు ‘నువ్వు నాకు అర్థం కావు’. జీవితంలో మాత్రం అంత కచ్చితంగా నడవలేదు. చర్చి రిజిస్టర్లలో ఒకే మనిషి ఒకసారి ఒక గడిలో, ఇంకోసారి ఇంకో గడిలో కనపడటం ఉంది.

చాలా వ్యాసాలు జారిపడేది ఇక్కడే. స్పానిష్‌లో ఇండియా గురించి రాసినా, పాత మెక్సికో గురించి రాసినా ‘కాస్తాల వ్యవస్థ’ అనే రాస్తారు, దాంతో రెండూ ఒకటే అనిపిస్తుంది. కానీ రెండిటి కీలు వేరు. మెక్సికోలో కాస్తా అంటే కలిసినవాళ్లు. ఇండియాలో కులం నిలబడేదే కలవకుండా ఉండటం మీద. 1916లో కొలంబియా యూనివర్సిటీలో చదివిన పత్రంలో అంబేడ్కర్ తేల్చి చెప్పింది ఇదే, కులానికి ప్రాణం తమలో తామే పెళ్లి చేసుకోవడంలో ఉందని.

మాట ఒక్కటే, రెండు సామ్రాజ్యాల్లో ఎంత దూరం పోయిందో ‘కాస్తీసో’ ఒక్కటి చూసినా చాలు. స్పెయిన్‌లో కాస్తీసో అంటే అచ్చమైన, కల్తీలేని. మెక్సికోలో అది కలిసిన సంతానంలో ఒక రకం. పోర్చుగీస్ గోవాలో దాని రూపం ‘కాస్తీసు’, పోర్చుగీస్ తల్లిదండ్రులకు ఇండియాలో పుట్టిన బిడ్డ.

మెక్సికో స్వాతంత్ర్య పోరాటంలో ఈ వర్గీకరణ మీద తిరుగుబాటు నేరుగానే జరిగింది. 1813లో హొసే మరీయా మొరేలోస్ ప్రకటించిన సూత్రాల్లో బానిసత్వం, కాస్తా భేదం రెండూ శాశ్వతంగా పోవాలని, ఒక అమెరికావాసిని ఇంకొకరి నుంచి వేరు చేసేది గుణదోషాలే కావాలని ఉంది. అయినా మాట పోలేదు. యుకతాన్ ప్రాంతంలో 1847లో మొదలైన మాయా ప్రజల తిరుగుబాటు చరిత్రలో ‘కాస్తాల యుద్ధం’ పేరుతోనే ఉంది.

ప్యారిస్‌లో తిట్టు అయింది

ఇప్పటి రాజకీయ అర్థానికి తల్లి ఫ్రెంచ్ అని చెప్పడం తప్పు కాదు. ఫ్రెంచ్‌కు ఈ మాట గుర్రాల అర్థంతో రాలేదు, ఇండియా అర్థంతో వచ్చింది. అందుకే ఫ్రెంచ్‌లో ‘కాస్త్’కు మేలుజాతి అనే పొగడ్త ఎప్పుడూ లేదు. వినగానే వాళ్లకు తోచేది పుట్టుకతో వచ్చిన హక్కులు, మూసేసిన తలుపులు. చీమలు, చెదపురుగుల్లో రాణి, కూలి, సైనిక రకాలను కూడా జీవశాస్త్రంలో అలాగే పిలుస్తారు.

1789 జనవరిలో, ఫ్రెంచ్ విప్లవానికి కొద్ది నెలల ముందు, సియెయెస్ అనే మతాధికారి ‘మూడో వర్గం అంటే ఏమిటి?’ అని ఒక కరపత్రం అచ్చేశాడు (మూడో వర్గం అంటే మతాధికారులు, కులీనులు కాని సామాన్య జనం). అందులో కులీనులను ‘కాస్త్’ అన్నాడు, అని ఊరుకోకుండా ఇదే సరైన మాట అని ఒక వివరణ కూడా ఇచ్చాడు: ఏ పనీ, ఏ ఉపయోగమూ లేకుండా, కేవలం ఉన్నందుకే ప్రత్యేక హక్కులు అనుభవించే మనుషుల వర్గం. ఈ నిర్వచనంలో ఉన్నది పైవాళ్లు మాత్రమే. కింద నలిగేవాళ్లు, ఊరి బయట బతికేవాళ్లు ఇందులో లేరు. ఇండియాలో కులం మెట్లు మెట్లుగా ఉంటే, సియెయెస్ చేతిలో అది ఒక్క పై మెట్టు అయిపోయింది.

రోమ్ నుంచి బ్యూనస్ ఎయిరెస్ దాకా

2007లో ఇటలీలో జాన్ అంతోనియో స్తెల్లా, సెర్జో రిజ్జో అనే ఇద్దరు జర్నలిస్టులు రాజకీయ నాయకుల ఖర్చులు, సౌకర్యాల మీద ‘లా కాస్తా’ అనే పుస్తకం రాశారు, అది పది లక్షలకు పైగా అమ్ముడుపోయింది. దాని ఉపశీర్షిక తెలుగులోకి తెస్తే ‘ఇటలీ రాజకీయ నాయకులు అంటరానివాళ్లు ఎలా అయ్యారు’ అని వస్తుంది. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం ఎవరూ వేలు పెట్టలేనంత ఎత్తులో ఉన్నవాళ్లు అని. శతాబ్దాలుగా అవమానం మోసిన మనుషులకు పెట్టిన పేరు అక్కడ ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని అధికారానికి పేరైంది. సియెయెస్ దారిలో కింది మెట్లు రాలిపోయాక ఇది జరగడంలో వింత లేదు, కానీ ఇండియాలో చదివేవాళ్లకు ఇది గట్టిగా గుచ్చుకుంటుంది, గుచ్చుకోవాలి కూడా.

స్పెయిన్‌లో 2014లో పుట్టిన పొదేమోస్ అనే వామపక్ష పార్టీ ఈ మాట అందుకుంది. దాని నాయకుడు పాబ్లో ఇగ్లేసియాస్ రెండు పెద్ద పార్టీలను, వాటితో చేతులు కలిపిన వ్యాపార పెద్దలను కలిపి ‘లా కాస్తా’ అన్నాడు. ఆ ఏడాది మే నెలలో యూరప్ పార్లమెంట్ ఎన్నికల్లో కొత్త పార్టీకి 5 సీట్లు వచ్చాయి. 2020లో ఇగ్లేసియాస్ ఉప ప్రధాని అయ్యాక ప్రత్యర్థులు అదే మాట ఆయన మీదే వాడారు.

మిలే కుడిపక్షం. ఆయన లెక్కలో కాస్తా అంటే పాత రాజకీయ నాయకులు, యూనియన్ నాయకులు, ప్రభుత్వ కాంట్రాక్టుల మీద బతికే వ్యాపారులు, తనకు నచ్చని జర్నలిస్టులు. వామపక్షం, కుడిపక్షం ఇద్దరికీ ఒకే మాట పనికిరావడానికి కారణం దానికి హద్దు లేకపోవడం. ఎవరు కాస్తానో చెప్పే చట్టం లేదు, రిజిస్టర్ లేదు, పుట్టుక గుర్తు లేదు, మాట్లాడేవాడు ఎవరిని చూపిస్తే వాళ్లే. గెలిచాక అదే చిక్కు కూడా. పాత ప్రభుత్వంలో పనిచేసిన పత్రీసియా బుల్రిచ్, లూయిస్ కపూతో మిలే మంత్రులయ్యారు, ఖర్చుల కోత భారం కాస్తా మీద కాక పెన్షన్‌దారుల మీద పడిందని ప్రతిపక్షాలు అడుగుతున్నాయి.

తెలుగులో ఏం రాయాలి

అర్జెంటీనా, స్పెయిన్, ఇటలీ వార్తల్లో కాస్తా వస్తే ‘కులం’ అని రాయకపోవడమే మంచిది. ‘పాతుకుపోయిన పాలక వర్గం’ అంటే అర్థం దగ్గరగా వస్తుంది, ఘాటు కావాలంటే ‘రాజకీయ ముఠా’. మెక్సికో వలస కాలం గురించైతే ‘మిశ్రమ సంతతి వర్గాలు’ అనాలి. పోర్చుగీస్ వైన్ దగ్గర అది ద్రాక్ష రకం, స్పానిష్ ఎద్దు దగ్గర జాతి, ఆటగాడి దగ్గర పౌరుషం. కులం అని నిక్కచ్చిగా రాయాల్సింది ఒక్క సందర్భంలోనే, ఆ భాషలవాళ్లు ఇండియా గురించో, విదేశాలకు వెళ్లిన ఇండియన్ల మధ్య కుల వివక్ష గురించో రాసినప్పుడు. అక్కడ మాత్రం ‘వర్గం’ అని మెత్తబరచడం ఇంకో రకం తప్పు అవుతుంది. వర్గం మారొచ్చు, పదవి పోతే పాలక వర్గం నుంచి దిగిపోవచ్చు. మిలే తిట్టే కాస్తాలోంచి ఒక ఎన్నికతో బయటపడొచ్చు, కులంలోంచి అలా బయటపడే దారి ఎవరికీ లేదు.